తాడు మామ తవ్విన వంకర ఒడ్డు

తాడు మామ ఇంట్లో చెప్పులు కూడా వరసలో నిలబడాలి. గోడకు సమంగా మంచం, మంచానికి సమంగా చాప, చాప అంచున మంచినీళ్ళ చెంబు. బట్టలారేసే తీగ సాగి కాస్త కిందికి వాలిందంటే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. "మీరు మనిషా, కొలబద్దా?" అని భార్య రోజుకొకసారైనా అడుగుతుంది. ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుంటాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు ఆయన విని ఎరగడు మరి.

ఆ పేరు ఊరికే రాలేదు. మామ పొక్లెయిన్ నడుపుతాడు. కాలవ తవ్వాల్సి వస్తే మిగతా డ్రైవర్లు ముందు సున్నంతో గీత పోయించుకుంటారు, మేకులు పాతించుకుంటారు. ఈయన సీట్లో కూర్చుని, దూరాన ఉన్న ఏ చెట్టు మీదో చూపు నిలిపి, ముక్కుకు సూటిగా తవ్వుకుంటూ పోతాడు. తవ్వడం అయ్యాక తాడు లాగి పట్టి చూస్తే తాడుకీ ఒడ్డుకీ మధ్య వేలు దూరదు. అలా తాడు పట్టి చూసి భంగపడ్డ వాళ్ళే ఆ పేరు పెట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాగితాల్లో మాత్రం మిగిలింది.

ఊరికి దిగువన విశాలమైన పల్లపు భూమి ఉంది. ఒకప్పుడు అదంతా నీళ్ళు, బురద, నిలువెత్తు జమ్ము. దాని నడిబొడ్డున మురుగు కాలవ తవ్వి, నీళ్ళన్నీ బయటికి తోలి, పొలాలుగా మార్చింది తాడు మామే. అప్పటికింకా ఆయనకు మీసం సరిగా రాలేదు. ఆ కాలవ చాలా ఏళ్ళు ఊరికి అన్నం పెట్టింది కాబట్టి ఇప్పుడు దాన్ని తిట్టిపోస్తే కళ్ళు పోతాయి. కానీ రానురాను నేల తెల్లబడింది, చౌడు తేలింది. విత్తనం వేస్తే మొలక తల ఎత్తి చూసి మాడిపోయేది. ఊరి బావుల్లో నీళ్ళు ఉప్పుదేరాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. బిందె మంచినీళ్ళ కోసం ట్యాంకరు ముందు కొట్లాడుకోవడం ఆడవాళ్ళకు దినచర్య అయిపోయింది.

అలాంటి రోజుల్లో ఒకమ్మాయి మెడలో దుర్భిణీ వేసుకుని ఊళ్ళోకి వచ్చింది. వన్యప్రాణి శాఖ పంపిన మనిషి. ఊరు ఆమెకు పిట్టల మేడం అని పేరు పెట్టేసుకుంది. ఆమె చెప్పింది అందరికీ అర్థమయ్యేలాగే చెప్పింది. పల్లంలోకి నీళ్ళు తిరిగి రానివ్వండి. పిట్టలు వస్తాయి, జమ్ము వస్తుంది, చేపలు వస్తాయి, బావులు తీపవుతాయి. భూమి మీ పేరునే ఉంటుంది. జమ్మూ తుంగా కోసుకునే హక్కు మీది, కాపలా ఉద్యోగాలూ పడవల పనీ మీ ఊరివాళ్ళకే. కానీ పిట్టలు నిజంగా నిలిచి గూళ్ళు కడితేనే శాఖ దాన్ని రిజర్వుగా ప్రకటిస్తుంది.

ఊళ్ళో ఇంకో బేరం కూడా నడుస్తోంది. తాడు మామ బామ్మర్దికి ఇటుక బట్టీ ఉంది. పల్లంలో బంకమట్టి వెన్నలాంటిదని అతని నోరు ఏనాటి నుంచో ఊరుతోంది. అందరికీ కౌలు ఇస్తాను, మట్టి తీసుకుంటాను అన్నాడు. మట్టి తీసుకున్నాక మిగిలేది గొయ్యి అని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. మంచివాడే, అక్కంటే ప్రాణం. కానీ బట్టీ పెట్టుకున్నవాడికి కంటి ముందున్న నేలంతా ఇటుకలుగానే కనబడుతుంది.

పల్లంలో భూములున్నవాళ్ళ సంఘానికి టైలరమ్మే పెద్ద. బట్టల కొట్లో మిషను ముందు కూర్చునే పంచాయితీలు తీర్చేస్తుంది. ఆవిడ ఒక మాట ఖాయం చేసింది. ఈ వానలు వెనక్కి తగ్గేదాకా మేడం చెప్పినట్టు చేద్దాం. అప్పుడు పల్లం గట్టు మీదే కూర్చుని చేతులెత్తుదాం. పిట్టలుంటే రిజర్వు, లేకపోతే ఇటుకలు. అందరూ సరేనన్నారు. పల్లం బతకడమో గొయ్యి కావడమో ఆ ఒక్క వానాకాలం మీద ఆధారపడింది.

తవ్వకం పని ఎవరికిస్తారు? ఇంకెవరికి, తాడు మామకే. తను తవ్విన కాలవకు తనే అడ్డుకట్ట వేశాడు. నీళ్ళు అవసరమైతే వదలడానికి కట్టలో ఒక తూము పెట్టాడు. ఆ తర్వాత నీళ్ళు నిలవడానికి చెరువు తవ్వాలి. పిట్టల మేడం ఆయన బండి పక్కన నిలబడి మరీ చెప్పింది.

"మామయ్యా, ఒడ్డు వాలుగా ఉండాలి. అడుగు ఒకచోట లోతు, ఒకచోట మెరక. గట్టు వంకరటింకరగా పోనివ్వండి. నీటుగా వద్దు."

"అలాగే మేడంగారూ," అన్నాడు మామ.

అన్నాడే గానీ చెయ్యి వింటేగా. నీటుగా వద్దు అనే మాట ఆయన చెవి దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. పాపం, చదువుకున్న పిల్ల, మొహమాటానికి అలా అంటోంది, బాగా చేసి చూపిస్తే సంతోషించదా ఏమిటి అనుకున్నాడు. తన జీవితంలోకెల్లా గొప్ప తవ్వకం తవ్వాడు. నాలుగు మూలలా నాలుగు కోణాలు, పలకలాంటి అడుగు, గోడల్లాంటి ఒడ్లు. మొదటి వానలకు నిండింది కూడా. ఊరంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. మామ గాల్లో తేలిపోయాడు. పిట్టల మేడం మాత్రం ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడిచొచ్చి, గొంతు సవరించుకుంది.

"చాలా అందంగా ఉంది మామయ్యా. కానీ ఇది చెరువు కాదు, స్విమ్మింగ్ పూల్."

మామ మొహం మాడ్చుకుని ఇంటికి పోయాడు. నా గీతకు ఇన్నేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదని భార్యతో అన్నాడు. "ఆ అమ్మాయి వంకే కదా పెట్టమంది," అంది ఆవిడ, పొయ్యి మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

పిట్టలు రాలేదు. పైన ఎగిరే కొంగలు ఒక చక్కరు కొట్టి, కిందికి చూసి, మర్యాదగా పక్క ఊరి వైపు పోయేవి. మెరక ఉంటే జమ్ము మొలిచేది, మెరకే లేదు. వారాలు గడిచిపోతున్నాయి. బామ్మర్ది సాయంత్రాలు గట్టు మీదికి వచ్చి, "బావా, నీళ్ళు భలే తేటగా ఉన్నాయి, అడుగున మట్టి కనబడుతోంది," అని చప్పరించి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం గేదె పడింది. ఆ గేదె తాడు మామ ఇంటిది. ఇంట్లో దాన్ని రాణిగారు అంటారు, నడక అలాంటిది. నీళ్ళు తాగుదామని ఒడ్డుకు వచ్చి, వాలు ఉంటుందనుకుని కాలు వేసింది. వాలు లేదు. దబ్బున పోయి నీళ్ళలో పడింది. ఈదుకుంటూ ఈ ఒడ్డుకు వచ్చి ముందుకాళ్ళు పైకి వేస్తుంది, బంకమట్టి జారుతుంది, మళ్ళీ నీళ్ళలోకి. ఆ ఒడ్డుకు పోతుంది, అక్కడా అంతే. నాలుగు వైపులా ఒకే పనితనం.

మామ పరుగెత్తుకొచ్చేసరికి ఊరు సగం గట్టు మీద ఉంది. భార్య కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"బాగా తవ్వారండీ," అంది. "పడ్డది పడ్డట్టే ఉంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు."

"తాళ్ళు తెండి," అన్నాడు మామ.

"తాడు ఎందుకు బావా, నువ్వున్నావుగా," అన్నాడు బామ్మర్ది. అయినా అందరికంటే ముందు చొక్కా విప్పి నీళ్ళలో దూకింది అతనే. గేదె మెడకూ పొట్టకూ తాళ్ళు కట్టారు, లాగారు. తల ప్రాణం తోకకు వచ్చింది తప్ప గేదె పైకి రాలేదు. దానికి రొప్పు ఎక్కువైంది, కళ్ళు తేలేస్తోంది. భార్య ఎగతాళి మానేసింది. "ఏవండీ," అంది మెల్లగా, అంతే. మామ పరుగున పోయి బండి తెచ్చాడు.

తన ఒడ్డును తనే కొరకాలి. బండి బకెట్ ఎత్తాడు, చెయ్యి రాలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దించాడు. తర్వాత ఆలోచించలేదు. ఎడాపెడా మట్టి లాగి, నీళ్ళలోకి తోసి, తొక్కి, గేదె కాలు ఆనేదాకా వాలు చేశాడు. చూడ్డానికి ఎలుగుబంటి తవ్వినట్టుంది. రాణిగారు ఆ వాలు మీద అడుగులో అడుగు వేసుకుంటూ పైకి వచ్చి, ఒళ్ళు దులిపి అందరినీ తడిపి, మామ వైపు కన్నెత్తి కూడా చూడకుండా ఇంటికి పోయింది.

ఆ గాయం మామను నిద్ర పోనివ్వలేదు. అంత చక్కటి చెరువుకు ఒక మూల అంత అనాకారి గండి. కాస్త మట్టి ఆరనిచ్చి, సరిచేద్దామని ఒక ఉదయం బండి వేసుకుని పోయాడు. గండి దగ్గర ఏవో కదులుతున్నాయి. ఉల్లంకి పిట్టలు. ఒక గుంపు. వాలు మీద, చీలమండ లోతు నీళ్ళలో నిలబడి, పొడుగు ముక్కులు బురదలో దింపి తీస్తున్నాయి. వాటి పక్కన బురదలోంచి తుంగ మొలకలు పచ్చగా తల ఎత్తాయి. ఆ గండి తప్పించి చెరువంతా అద్దంలా బోసిగా ఉంది. పిట్టలన్నీ గేదె దారిలోనే ఉన్నాయి.

మామ ఇంజను ఆపేశాడు. పొద్దెక్కేదాకా ఆ సీట్లోనే కూర్చున్నాడు. తర్వాత బండి అక్కడే వదిలేసి, నడుచుకుంటూ పిట్టల మేడం అద్దెకుంటున్న గదికి పోయాడు.

"మేడంగారూ, మొదట్లో మీరేదో చెప్పారు. మళ్ళీ ఒకసారి చెప్పండి. ఈసారి వింటాను."

ఆమె నవ్వలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పింది. పిట్ట కాలు పొట్టిది మామయ్యా, నీళ్ళు దాని కాలును బట్టి ఉండాలి. ఒక్కో పిట్టకు ఒక్కో లోతు. ఒంపు ఉంటే గాలి తగలదు, ఒక గూడు ఇంకో గూటికి కనబడదు, కొట్లాటలుండవు. మామ అన్నీ విని తల ఊపాడు.

"మొత్తం మళ్ళీ తవ్వాలి. దానికి నీళ్ళు వదిలెయ్యాలి."

ఆమె కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. వానలు సగం దాటాయి. ఉన్న నీళ్ళు పోయాక మళ్ళీ వాన పడకపోతే అటు చెరువూ లేదు, ఇటు పిట్టలూ లేవు.

టైలరమ్మ కొట్లో సంఘం కూర్చుంది. పట్టిన నీళ్ళు ఎవరైనా వదులుకుంటారా అని ఒకరు ఒంటికాలి మీద లేచారు. మామ లేచి నిలబడ్డాడు. మాటకారి కాదు, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మేడంగారు చెప్పారు. నేనే వినలేదు. ఇలాగే ఉంచితే నీళ్ళుంటాయి గానీ పిట్టలు రావు. పల్లం పోతుంది. నాకు తెలిసింది అంతే."

టైలరమ్మ చేతిలో ఒక రవిక గుడ్డ ఉంది. దాన్నే చూపించింది. "చంక దగ్గర తిన్నగా కత్తిరించావనుకో, చూడ్డానికి బాగానే ఉంటుంది. తొడుక్కున్నాక చెయ్యి లేవదు. విప్పి కుట్టాల్సిందే. మామా, తూము ఎత్తు."

తూము ఎత్తాడు. నీళ్ళు పోతున్న చప్పుడు రెండు రోజులు ఊరంతా విన్నది. బామ్మర్ది నమూనాకని ఒక కొత్త ఇటుక తెచ్చి అక్క గుమ్మం పక్కన పెట్టాడు. "ఉంచక్కా, గుర్తుగా."

ఇక అసలు తిప్పలు మొదలయ్యాయి. మామకు వంకర రాదు. ఎంత పట్టుపట్టి ఒంపు తిప్పినా, ఒంపుకూ ఒంపుకూ మధ్య ఒకే దూరం వస్తుంది. పాము కూడా సిగ్గుపడేంత పద్ధతిగా వస్తోంది ఆ వంకర. పిట్టల మేడం చూసి, ఎలా చెప్పాలో తెలియక పెన్ను కొరుక్కుంటోంది. భార్య అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చి, ఒక చూపు చూసి, క్యారేజీ గట్టు మీద పెట్టింది.

"మీ వల్ల కాదు గానీ, ఉండండి," అని ఇంటికి పోయి రాణిగారిని తోలుకొచ్చి పలుపు విప్పేసింది. "అది ఎటు పోతే అటు తవ్వండి."

గేదె తన ఇష్టం వచ్చినట్టు నడిచింది. ఒకచోట గడ్డి పరక కోసం పక్కకు తిరిగింది, ఒకచోట ఏమీ లేకుండానే ఆగింది, ఒకచోట వెనక్కి వచ్చింది. భార్య దాని వెనకాల నడుస్తూ అడుగుజాడల్లో బూడిద చల్లుకుంటూ పోయింది. బూడిద వెంట మామ బండి. తడి నేలలో బండి కూరుకుపోకుండా దుంగలు పరిచి, దాటి, వెనక దుంగలు ముందుకు తెచ్చి, మళ్ళీ పరిచి. పళ్ళు బిగించి తవ్వాడు. గేదె మళ్ళిన ప్రతిచోటా మళ్ళాడు. ఎక్కడైనా చెయ్యి పాత అలవాటున సూటిగా పోబోతే, "ఏవండీ, అది అటు పోలేదు," అని కేక వినబడేది. భార్యాభర్తలు అన్నేళ్ళ కాపురంలో కలిసి ఒక పని చెయ్యడం అదే మొదటిసారి.

పని ముగిసింది, తూము దించారు. ఆకాశం తేటగా ఉంది. మర్నాడూ తేటగానే ఉంది. ఆ తర్వాత కూడా. ఊరివాళ్ళు మామను చూసి పలకరించడం తగ్గించారు. కోపం కాదు, ఏం మాట్లాడాలో తెలియక. ఆయన రోజూ పొద్దున్నే పోయి ఆ వంకరటింకర పొడి గుంటల మధ్య నిలబడేవాడు. భయమేసింది. ఊరి నీళ్ళు పారబోసినవాడినని చివరికి పేరు మిగులుతుందేమోనని నిజంగానే భయమేసింది. వాలు మీద తుంగ మొలకలు వాడిపోతుంటే బిందెతో నీళ్ళు పోశాడు, ఎవరూ చూడకుండా.

వాన వచ్చింది. చిటపటల్లేవు, ఉరుముల్లేవు. నింపాదిగా, పగలంతా, రాత్రంతా, మళ్ళీ పగలంతా కురిసింది. మెరకల చుట్టూ నీళ్ళు పాకి, ఒంపుల్లోకి దూరి, గేదె ఆగిన చోట ఆగి, మళ్ళినచోట మళ్ళాయి. వారం తిరిగేసరికి పల్లం అంతా పచ్చటి మరకలు. ఉల్లంకులు వచ్చాయి, వాటి వెనక కొంగలు, వాటి వెనక బాతులు. జమ్ము నడుము ఎత్తు లేచాక ఒక నీటికోడి దాని మధ్య గూడు కట్టింది. పిట్టల మేడం దుర్భిణీ మామ చేతికిచ్చి చూడమంది. నల్లటి దూదిపింజల్లా పిల్లలు తల్లి వెనక వరసగా ఈదుతున్నాయి. "వరసలోనే పోతున్నాయి చూశారా," అన్నాడు మామ, దుర్భిణీ దించకుండా.

అన్న ప్రకారం గట్టు మీద సమావేశం పెట్టారు. టైలరమ్మ మాట మొదలుపెట్టే లోపు తాడు మామ భార్య బిందెడు నీళ్ళు తెచ్చింది. ఇంటి బావిలోవి, అప్పుడే తోడినవి. అందరికీ పోసింది, తమ్ముడికీ పోసింది. అతను తాగాడు. గ్లాసులోకి చూశాడు. ఇంత తీపి నీళ్ళు ఆ బావిలో అతను చిన్నప్పుడు అక్కింటికి వచ్చినప్పుడు తాగాడు, అంతే. టైలరమ్మ రిజర్వు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అంది. చేతులు లేచాయి. సరిగ్గా అప్పుడే అతని గ్లాసున్న చెయ్యి కూడా పైకి లేచింది.

"బామ్మర్ది గారి చెయ్యి కూడా లేచింది," అంది టైలరమ్మ.

"నేను ఇంకో గ్లాసు పొయ్యమంటున్నాను."

"అయితే దించు మరి."

అతను అక్క వైపు చూశాడు, బావ వైపు చూశాడు, వెనకాల జమ్ములోంచి వస్తున్న పిట్టల గోల విన్నాడు. చెయ్యి దించలేదు. "ముందు నీళ్ళు పొయ్యక్కా," అన్నాడు. ఆ తర్వాత పల్లంలో మొదటి పడవ అతనే చేయించాడు. గుమ్మం దగ్గర పెట్టిన ఇటుక మీద ఇప్పుడు ఆ ఇంటి నీళ్ళ బిందె కూర్చుంటోంది.

రిజర్వు ప్రకటించే ముందు హద్దులు గీసుకోవాలని శాఖ ఒక సర్వేయరును పంపింది. ఆయన టేపూ మూడుకాళ్ళ స్టాండూ పట్టుకుని ఒడ్డు వెంట ఉదయం బయల్దేరి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ చెట్టు నీడకు చేరాడు. అక్కడ తాడు మామ భార్య గేదెకు గడ్డి కోస్తోంది. మామ కాస్త ఎడంగా కూర్చుని చెప్పులు విప్పి పక్కపక్కన సమంగా పెట్టుకుంటున్నాడు.

"ఏమిటమ్మా ఈ ఒడ్డు," అన్నాడు సర్వేయరు విసుగ్గా. "రెండడుగులు తిన్నగా ఉన్న చోటు ఒక్కటి లేదు. ఎవడమ్మా తవ్వింది, తాగి గానీ తవ్వాడా?"

ఆవిడ కొడవలి కింద పెట్టి నడుము నిటారు చేసింది.

"మా ఆయనండీ," అంది. "చుట్టుపక్కల ఆయనంత తిన్నగా తవ్వేవాళ్ళు ఇంకొకరు లేరు."

సర్వేయరుకు ఏమీ అర్థం కాలేదు. తాడు మామ మాత్రం చెప్పులు సగంలో వదిలేసి లేచి నిలబడ్డాడు. ఒకటి అటు, ఒకటి ఇటు, ఆ పూటంతా అవి అలాగే ఉన్నాయి.